హైస్కూల్ రెజ్లింగ్‌లో స్టాలింగ్ ఎప్పుడు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి

పిన్ (ఎదుటివాడి రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనించడం) అయిందో లేదో కంటికి కనిపిస్తుంది. టేక్‌డౌన్ (నిలబడ్డవాణ్ణి కింద పడేసి అదుపులోకి తేవడం) కూడా అంతే. స్టాలింగ్, అంటే ఆడకుండా కాలం నాన్చడం, దగ్గరికొచ్చేసరికి మాత్రం రిఫరీ జరగనిదాన్ని చూసి తీర్పు చెప్పాలి. అమెరికా హైస్కూల్ రెజ్లింగ్‌లో కొత్తగా విజిల్ పట్టినవాళ్లు తడబడేది ఇక్కడే. కొందరు సీజన్ అయిపోయేదాకా పిడికిలి (స్టాలింగ్ ఇచ్చే సైగ) ఎత్తనే ఎత్తరు. ఇంకొందరు గ్యాలరీ అరిస్తే ఎత్తుతారు. రెండూ తప్పే, రెండో తప్పు ఇంకాస్త పెద్దది.

హైస్కూల్ మ్యాచ్‌లు ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్ (అమెరికా హైస్కూళ్ల జాతీయ సమాఖ్య) రూలుబుక్కు ప్రకారం నడుస్తాయి. అది ఆటగాడిని అడిగేది ఇంతే: మ్యాట్ మధ్యలోని 10 అడుగుల వృత్తంలో ఉండటానికి నిజాయితీగా ప్రయత్నించాలి, దూకుడుగా ఆడాలి. ఏ పొజిషన్‌లో ఉన్నా, స్కోరు ఎంతున్నా, గడియారంలో ఎంత మిగిలినా ఇదే నియమం. ఇన్ని సెకన్లు ఊరుకుంటే స్టాలింగ్ అని అందులో లెక్క లేదు. ఆ లెక్క మీ కళ్లే వెయ్యాలి. అమెరికాలో ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో జిమ్ మెట్ల మీద కూర్చుని పిల్లల మ్యాచ్‌లు చూసే అమ్మానాన్నలకు కూడా కింద చెప్పేవి పనికొస్తాయి. కాకపోతే అక్కడినుంచి చూసి అరవడం వేరు, మ్యాట్ మీద నిలబడి ఇవ్వడం వేరు.

ఒలింపిక్స్ చూసి కుస్తీ తెలుసుకున్నవాళ్లు ముందుగా ఒకటి పక్కన పెట్టాలి. ఫ్రీస్టైల్‌లో మందకొడిగా ఉన్నవాడికి 30 సెకన్ల గడువు పెడతారు, ఆలోపు ఎవరూ పాయింటు తేకపోతే ఎదుటివాడికి 1 పాయింటు. కబడ్డీలో డూ ఆర్ డై రైడ్ లాంటి ఏర్పాటు అది. అక్కడ ప్రత్యర్థిని వృత్తం బయటికి నెట్టినా పాయింటే. హైస్కూల్లో ఈ రెండూ లేవు. గడువు పెట్టే గడియారం లేదు, బయటికి నెడితే పాయింటు రాదు, పైగా నెట్టినవాడికే శిక్ష పడవచ్చు. కాలేజీలో పైన కూర్చున్న సమయానికి ఇచ్చే రైడింగ్ టైమ్ పాయింటు కూడా ఇక్కడ లేదు.

మ్యాట్ ఎక్కేముందు శిక్షల మెట్లు కంఠతా పట్టండి

స్టాలింగ్ మొదటిసారి వార్నింగ్, పాయింటు ఉండదు. రెండోసారి ప్రత్యర్థికి 1 పాయింటు. మూడోసారి మళ్లీ 1. నాలుగోసారి 2. ఐదోసారి డిస్‌క్వాలిఫికేషన్. పీరియడ్ మారినా ఈ లెక్క సున్నా కాదు, ఓవర్‌టైమ్‌లోకి కూడా వెంట వస్తుంది.

ఉదాహరణకి ఎరుపు (ఆటగాళ్లని ఎరుపు, ఆకుపచ్చ రంగులతోనే పిలుస్తారు) 4-3తో ముందున్నాడు. ఒక టేక్‌డౌన్‌కి 3, ఒక ఎస్కేప్‌కి (కిందనుంచి తప్పించుకోవడం) 1 అనుకోండి (2024-25 సీజన్ నుంచి టేక్‌డౌన్‌కి 3 పాయింట్లు). అతనికి మొదటి స్టాలింగ్ ఇస్తే స్కోరు మారదు. రెండోది ఇస్తే 4-4. మూడోదానికి ఆకుపచ్చ 5-4తో ముందుకెళ్తాడు. నాలుగోదానికి 7-4. ఆ పైది ఇస్తే మ్యాచే అయిపోతుంది, ఎదుటి జట్టుకి పిన్‌తో సమానంగా 6 టీమ్ పాయింట్లు వస్తాయి.

స్కోరర్ టేబుల్ దగ్గర తరచూ జరిగే పొరపాటు మూడు ఖాతాలు కలిపేయడం. స్టాలింగ్‌ది ఒక ఖాతా. స్టార్టింగ్ పొజిషన్‌లో తప్పుగా కూర్చోవడం, విజిల్‌కి ముందే కదలడం కాషన్ ఖాతాలోకి వెళ్తాయి: రెండు కాషన్లు ఊరికే, మూడోదాని నుంచి 1 పాయింటు. మ్యాట్ వదిలి పారిపోవడం, పైవాడు (పట్టు తనదైనవాడు) కిందివాడి చుట్టూ చేతులు లాక్ చేయడం లాంటివి టెక్నికల్ వయలేషన్లు, వాటికి వార్నింగ్ లేకుండానే 1 పాయింటు. కాషన్ పడినవాడికి స్టాలింగ్ వార్నింగ్ కూడా అయిపోయిందని స్కోరర్ రాసేస్తే, మ్యాచ్ చివర్లో రాని పాయింటు ఒకటి వచ్చి పడుతుంది. అందుకే ఇచ్చిన ప్రతిసారీ రంగు, తప్పు, ఎన్నోది అన్న మూడూ టేబుల్‌కి వినబడేలా చెప్పండి: "రెడ్, స్టాలింగ్, వార్నింగ్." స్కోరర్ తల ఊపేదాకా మీ చూపు ఒక్క క్షణం అటు ఉండాలి.

నిలబడి ఉన్నప్పుడు: పాదాలు, నడుము చూడండి

ఎక్కువ తీర్పులు న్యూట్రల్‌లోనే (ఇద్దరూ నిలబడి, ఎవరి అదుపూ లేనప్పుడు) వస్తాయి, ఎక్కువగా తప్పేదీ ఇక్కడే. సుమారు 8 నుంచి 10 అడుగుల దూరంలో, ఇద్దరూ పక్కనుంచి కనబడే కోణంలో నిలబడండి. ఒకరి వీపు వెనకాల చేరితే రెండోవాడి చేతులు కనబడవు.

ముఖం చూడొద్దు, ముఖం ఎప్పుడూ కష్టపడుతున్నట్టే ఉంటుంది. పాదాలు ఎటు పోతున్నాయో చూడండి. వలయంగా పక్కకి తిరుగుతూ మళ్లీ మధ్యలోకి వచ్చేవాడు కోణం వెతుక్కుంటున్నాడు, అది ఆటే. తిన్నగా వెనక్కి, మ్యాట్ సరిహద్దు గీత వైపు నడిచేవాడు తప్పించుకుంటున్నాడు. తర్వాత చేతులు. మెడ పట్టి లాగడం, మణికట్టు లాగి దారి చేసుకోవడం, అండర్‌హుక్ (చంక కిందనుంచి చెయ్యి దూర్చి పట్టడం) వేయడం దాడికి ముందు చేసే పని. రెండు చేతులూ ఎదుటివాడి కండల మీద ఆనించి, తల దించి, నడుము వెనక్కి పెట్టి అలాగే నిలబడితే అది అడ్డుగోడ. అతను ఏ దాడికీ సిద్ధం కావట్లేదు, ఎదుటివాడి దాడిని మాత్రం ఆపుతున్నాడు.

ఇక తూతూ మంత్రం షాట్లు (షాట్ అంటే కాళ్ల మీదికి దూకి చేసే దాడి). ముందంజలో ఉన్నవాడు నాలుగడుగుల దూరం నుంచి మోకాలు మ్యాట్‌కి ఆనించి, చెయ్యి చాపి, వెంటనే లేచి వెనక్కి పోతాడు. పది సెకన్లకోసారి ఇలా చేస్తే కొత్త రిఫరీ "షాట్ తీశాడు కదా" అని వదిలేస్తాడు. నిజమైన షాట్‌కి మూడు గుర్తులుంటాయి: అంతకుముందు దూరం తగ్గించి ఉంటాడు, ముందు కాలు ఎదుటివాడి పాదాల మధ్యకో పక్కకో దిగుతుంది, తల లేదా భుజం శరీరానికి తగులుతుంది. మూడింట్లో ఒక్కటీ లేని షాట్‌ని షాట్‌గా లెక్కపెట్టొద్దు. తీసిన షాట్ విఫలమైందంటే అది వేరే సంగతి. ఎదుటివాడు స్ప్రాల్ చేసి (కాళ్లు వెనక్కి విసిరి పైన బరువు వేసి) ఆపేసినా ప్రయత్నం ప్రయత్నమే, ఫలితంతో మీకు పని లేదు.

ముందుకు నెట్టేవాడంతా దూకుడుగా ఆడుతున్నట్టు కాదన్నది బాగా గుర్తుపెట్టుకోండి. గ్యాలరీ ఎప్పుడూ వెనక్కి పోయేవాణ్ణే వేలెత్తి చూపిస్తుంది. ఛాతీతో, తలతో తోసుకుంటూ గీత దాటించడమే పనిగా పెట్టుకుని ఒక్క దాడీ చేయనివాడు కూడా నాన్చుతున్నట్టే. ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలి ఊపిరి పీల్చుకుంటూ ఉంటే ఇద్దరికీ ఇవ్వొచ్చు. ఒక్కడికే ఇవ్వాలన్న నియమం ఏదీ లేదు.

అంచు దగ్గర

2024-25 నుంచి, ఇద్దరిలో ఎవరి శరీరంలో ఏ ఒక్క భాగమైనా గీత లోపల గానీ గీత మీద గానీ ఆనితే ఆట లోపలున్నట్టే. దాంతో అంచు దగ్గర విజిల్ తగ్గింది, ఆట పెరిగింది, మీ పనీ పెరిగింది. "ఎలాగూ బయటికి పోయారు" అని విజిల్ ఊది తప్పించుకునే అలవాటుంటే మానుకోండి.

ఇక్కడ రెండు తప్పులు పక్కపక్కనే ఉంటాయి. ఎదుటివాడు కాలు పట్టి పాయింటు తెచ్చుకోబోతుండగా, దాన్ని తప్పించుకోవడానికి గీత దాటితే అది పారిపోవడం: వార్నింగ్ లేదు, వెంటనే 1 పాయింటు. ఏ దాడీ లేనప్పుడు వీపు గీతకి పెట్టి, ఎవరైనా దగ్గరికొస్తే ఒక అడుగు బయటికి వేస్తూ ఉంటే అది అంచు ఆట, స్టాలింగ్ ఖాతాలోకి వెళ్తుంది. ఆ క్షణంలో "పాయింటు రాబోతోందా?" అని ఒక్క ప్రశ్న వేసుకుంటే రెండూ విడిపోతాయి.

మ్యాచ్ ఆగిన తర్వాత కాళ్లీడ్చుకుంటూ మధ్యలోకి రావడం, అవసరం లేకపోయినా హెడ్‌గేర్ పట్టీ సర్దుకోవడం కూడా స్టాలింగ్ కిందికే వస్తాయి. మొదటిసారి "సెంటర్" అని చురుగ్గా పిలవండి. మళ్లీ చేస్తే పిడికిలి ఎత్తండి.

పైవాడు

(పైవాడు, కిందివాడు అని రాయడం మాట సౌలభ్యానికే. అమ్మాయిల మ్యాచ్‌లకూ ఇవే రూల్స్, ఇదే కొలత.)

పైవాడి పని పిన్‌కో నియర్‌ఫాల్‌కో (పిన్ దాకా వచ్చిన స్థితి) దారి వెతకడం. రైడింగ్ టైమ్ పాయింటు లేకపోయినా, ముందంజలో ఉన్నవాడు పైన కూర్చుంటే గడియారం అతని తరఫున పనిచేస్తుంది. ఆ జిడ్డు ఆటని పట్టుకోవాలంటే అతని బరువు ఎటు వాలిందో చూడండి. కిందివాడి భుజాల వైపు, తల వైపు పైకి వస్తున్నాడా, లేక కిందికి, కాళ్ల వైపు జారుతున్నాడా? ఒక చేత్తో నడుము చుట్టి రెండో చేత్తో మోచేయి కొట్టి పడగొట్టి, ఆ వెంటనే హాఫ్ నెల్సన్, క్రేడిల్ లాంటి వెల్లకిలా తిప్పే పట్టుకి పోతుంటే ఆట నడుస్తోంది. పడగొట్టాక నడుముకి చెంప ఆనించి పడుకుంటే నడవట్లేదు.

ఎక్కువ గొడవ వచ్చేది కాలు పట్టుకుని వేలాడటం దగ్గర. కిందివాడు లేవబోతే చీలమండ పట్టి ఆపడం న్యాయమే, అది ఎస్కేప్ ఆపడం. ఆపిన తర్వాత దాన్నే రెండు చేతులా హత్తుకుని ఉండిపోతే న్యాయం కాదు. కాలేజీ మ్యాచ్‌లలో రిఫరీ చెయ్యి ఊపుతూ ఐదు సెకన్లు లెక్కపెట్టడం చూసి ఆ లెక్కని హైస్కూల్‌కి మోసుకురావొద్దు, అది వేరే రూలుబుక్కు. మీరు చూడాల్సింది కాలు పట్టాక ఏం చేశాడన్నది. పైకి లేపి పడగొట్టాడా, నడుము వైపు ఎక్కాడా, ఏమీ చేయలేదా?

కిందివాడు లేచి నిలబడితే పైవాడు వెనకనుంచి చేతులు లాక్ చేయొచ్చు, నిలబడి ఉన్నంతసేపు అది తప్పు కాదు. కానీ జాగ్రత్తగా మళ్లీ మ్యాట్ మీదికి తేవాలి. నడుము వాటేసుకుని, గీత దాకా నడిపించి, బయటికి పోయేదాకా కాలక్షేపం చేసే పద్ధతి ఒకటుంది. రెండోసారి కనబడితే ఊరుకోవద్దు.

లెగ్స్ వేసినప్పుడు తొందరపడకండి. పైవాడు కాళ్లు మెలివేసి కిందివాణ్ణి బోర్లా పరిచేస్తే చూసేవాళ్లకి ఇద్దరూ ఆగిపోయినట్టుంటుంది. అతని పైచేతులు చూడండి. తల వైపుకో చంక కిందికో పోతూ తిప్పడానికి తంటాలు పడుతున్నాడంటే ఆగండి. కాళ్లు మెలివేసి చేతులు మ్యాట్ మీద ఆనించి బ్యాలెన్స్ మాత్రమే చూసుకుంటున్నాడంటే పైవాడికి ఇవ్వండి. అక్కడ కిందివాడికి ఇవ్వడం అన్యాయం. బలానికి లొంగిపోయినవాడు కదలలేడు, అతను నాన్చట్లేదు.

ఒక్క మినహాయింపు: మళ్లీ టేక్‌డౌన్ చేయడానికి ప్రత్యర్థిని కావాలనే వదిలేసేవాడు నాన్చుతున్నట్టు కాదు.

కిందివాడు

కొలత చిన్నది. మోకాళ్ల మీద ఆధారం కట్టుకోవడం, లేచి నిలబడటం, సిట్-అవుట్, స్విచ్, గ్రాన్‌బీ రోల్ లాంటి తప్పించుకునే కదలికలు: వీటిలో ఏదో ఒకదానికి పూనుకోవాలి. మోచేతులు పక్కటెముకలకి అతికించి, నుదురు మ్యాట్‌కి ఆనించి తాబేలులా ముడుచుకుంటే వార్నింగ్‌కి తయారైనట్టే. పైవాడు బరువంతా వేసి తొక్కిపట్టాడా, లేక వదులుగా ఉన్నా ఇతనే లేవట్లేదా అన్నది తేల్చుకోవడానికి ఇతని నడుము చూడండి. బరువు కింద కూడా నడుము పైకి తోస్తూ ఉంటే ప్రయత్నం ఉన్నట్టు. పైవాడి మణికట్టు పట్టుకుని దాన్నే పీరియడ్ అంతా కాపాడుకుంటూ ఉంటే లేనట్టు.

స్టేల్‌మేట్‌ని స్టాలింగ్ అనొద్దు

ఒకడు సింగిల్ లెగ్ పట్టి మోకాళ్ల మీదున్నాడు, రెండోవాడు స్ప్రాల్ చేసి అతని మీద వాలి నడుము పట్టాడు. ఇద్దరూ లాగుతున్నారు, ఎవరికీ సాగట్లేదు. ఇది స్టేల్‌మేట్. విజిల్ ఊది తిరిగి మొదలెట్టించండి, ఎవరికీ శిక్ష లేదు. అయితే అదే ఆటగాడు అదే ముడిలోకి మళ్లీ మళ్లీ కావాలని వెళ్తుంటే, కాలు పట్టి పాయింటు కోసం లాగకుండా ఊపిరి కోసం ఆగుతుంటే, మూడోసారి దాన్ని స్టేల్‌మేట్ అనడం మీ మొహమాటం.

పిడికిలి ఎత్తే క్రమం

ముందు మాట. "యాక్షన్, రెడ్", "సెంటర్‌కి రండి", "కదలండి" లాంటి పొట్టి మాటలు చాలు. అమెరికాలో ఇంగ్లిషులోనే అంటారు కాబట్టి "యాక్షన్", "ఇంప్రూవ్", "సెంటర్" అన్నవి అలవాటు చేసుకోండి. మాట చెప్పి తీరాలన్న రూలేమీ లేదు. ఇది మర్యాద, అంతే. ఒక్కసారి చెప్పండి. మూడుసార్లు బతిమాలితే అది కోచింగ్ అయిపోతుంది, ఆటగాడు కూడా మీ మాట మీదే ఆధారపడి, మీరు అన్నప్పుడల్లా ఒక మొక్కుబడి షాట్ తీస్తాడు.

మాట చెప్పాక నిజమైన ప్రయత్నం రాకపోతే ఇవ్వండి. న్యూట్రల్‌లో పదిహేను ఇరవై సెకన్లు ఏమీ చేయకుండా గడిపినవాడికి ఒక మాట, ఆ తర్వాత ఐదారు సెకన్లలో మార్పు లేకపోతే పిడికిలి: మొదట్లో ఈ కొలత పెట్టుకుంటే తప్పిపోరు. ఇది రూలు కాదు, అలవాటు పడటానికి ఊతం మాత్రమే. వరసగా వెనక్కి నడిచేవాడికి అంత సమయం కూడా అక్కర్లేదు.

ఎరుపు పట్టీ మీ ఎడమ మణికట్టుకి, ఆకుపచ్చ పట్టీ కుడి మణికట్టుకి ఉంటుంది. ఆకుపచ్చ సొంతగడ్డ జట్టుది, ఎరుపు వచ్చిన జట్టుది. నాన్చుతున్నవాడి రంగు చేతిని పిడికిలి బిగించి ఎత్తండి, గట్టిగా చెప్పండి, పాయింటు ఉంటే ప్రత్యర్థి రంగు చేత్తో వేలు చూపండి. ఆట నడుస్తుండగానే ఇది చేయొచ్చు. ఒకడు షాట్ మధ్యలో ఉండగా విజిల్ ఊది ఆపితే, దాడి చేసినవాడి కష్టం మీరే పాడుచేసినట్టు.

చివరి నిమిషం, ఓవర్‌టైమ్

మొదటి వార్నింగ్‌కి పాయింటు లేదు. కాబట్టి దాన్ని దాచుకోవద్దు. మొదటి పీరియడ్‌లోనే ఒకడు వెనక్కి నడుస్తుంటే అప్పుడే ఇవ్వండి. ఆట తీరు అక్కడే మారుతుంది, ఎవరికీ నష్టం లేదు. మూడో పీరియడ్‌లో 15 సెకన్లు మిగిలాక తొలి వార్నింగ్ ఇస్తే దానివల్ల ప్రయోజనం శూన్యం: ముందంజలో ఉన్నవాడు వార్నింగ్ తీసుకుని, మిగతా సమయం కూడా అలాగే గడిపి గెలిచేస్తాడు. తెలివైన కోచ్‌లు ఇది లెక్కేసుకునే ఆడిస్తారు.

అటువైపు ఇంకో భయం ఉంటుంది: "నా కాల్‌తో మ్యాచ్ తేలిపోతుందేమో." వార్నింగ్ ఉన్నవాడు చివరి 20 సెకన్లు గీత దగ్గర తిరిగితే, 4-3 కాస్తా 4-4 చేయండి. ఇవ్వకపోయినా మ్యాచ్‌ని మీరే తేల్చినట్టు, నాన్చినవాడి తరఫున. మొదటి నిమిషంలో స్టాలింగ్ అయినది ఆరో నిమిషంలోనూ స్టాలింగే. మొదట్లో కానిది చివర్లో గ్యాలరీ అరిచినంత మాత్రాన కాదు.

ఓవర్‌టైమ్‌లో మొదటి ఒక నిమిషం సడన్ విక్టరీ, ఎవరు ముందు పాయింటు తెస్తే వాళ్లదే గెలుపు. వార్నింగ్ అప్పటికే ఉన్నవాడికి అక్కడ స్టాలింగ్ పడితే ఆ ఒక్క పాయింటుతో మ్యాచ్ ముగుస్తుంది. కాబట్టి ఓవర్‌టైమ్ మొదలయ్యేలోపు టేబుల్ దగ్గరికెళ్లి ఎవరి ఖాతాలో ఎన్ని ఉన్నాయో కళ్లారా చూసుకోండి. మీ గుర్తు మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఇంట్లో సాధన

ఏదైనా మ్యాచ్ వీడియో తీసుకుని శబ్దం ఆపేయండి. కోచ్‌ల అరుపులు వినబడితే మీ కళ్లు వాళ్ల వెంటే పోతాయి. ఒక కాగితం మీద పది సెకన్లకో గడి గీసి, ప్రతి గడిలో ఎవరి ప్రయత్నం కనబడిందో ఎ (ఎరుపు) లేదా ఆ (ఆకుపచ్చ) అని రాయండి. ఎవరిదీ లేకపోతే గీత. మళ్లీ చూడండి, ఈసారి ఒక్క ఆటగాడి పాదాలే. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే, మొదటిసారి మీరు షాట్ అనుకున్నవాటిలో ఎన్ని తూతూ మంత్రాలో బయటపడుతుంది.

కోచ్ టేబుల్ దగ్గరికి వస్తే

రూలు తప్పుగా వర్తింపజేశారని అడిగే హక్కు కోచ్‌కి ఉంది. "ఇది రెండోది, మీరు 2 పాయింట్లు ఇచ్చారు" అంటే వినండి, స్కోరుబుక్కు చూడండి, తప్పుంటే దిద్దండి. "అది స్టాలింగ్ కాదు" అన్నది మాత్రం మీ తీర్పు మీద ప్రశ్న, దానికి చర్చ లేదు. అలాగే సాగదీస్తే కోచ్ ప్రవర్తన నియమం ఉంది: మొదట వార్నింగ్, రెండోసారి 1 టీమ్ పాయింటు కోత, మూడోసారి 2 పాయింట్లు కోసి బయటికి పంపడం. అంతదూరం రాకుండా ఉండాలంటే జవాబు పొట్టిగా, చూసినదాంతో ఉండాలి. "నాకలా అనిపించింది" అంటే గొడవ పెరుగుతుంది. "రెడ్ 1:10 నుంచి 0:45 దాకా ఒక్క షాట్ తీయలేదు, రెండుసార్లు గీత మీదికి వెళ్లాడు" అంటే కోచ్ తన ఆటగాడి వైపు తిరిగి "షాట్ తియ్" అని అరుస్తాడు.